‘పాజిటివ్‌గా ఆలోచించు’ అంటే ఏడుపొస్తోంది

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను, 11 ఏళ్లుగా అదే పని. రెండు నెలల కిందట నేను పంపిన నెలవారీ రిపోర్టులో ఒక అంకె తప్పు పడింది. పాత నెల షీటు మీదే కొత్త లెక్కలు ఎక్కిస్తూ ఒక గడి మార్చడం మర్చిపోయాను. మీటింగ్‌లో మా మేనేజర్ అందరి ముందూ అది చూపించారు. ఆ సాయంత్రానికే సరిచేసి పంపాను. నష్టమేమీ జరగలేదు. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. కానీ నా మనసు ఆ మీటింగ్ రూమ్ లోంచి బయటికి రావడం లేదు. రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది. నేనెందుకిలా ఉన్నాను, ఎప్పుడూ ఇంతే, అందరూ నన్ను చూసి నవ్వుకుని ఉంటారు అని తెల్లవారేదాకా అదే. ఆయన దగ్గర్నుంచి మెయిల్ వస్తే తెరవడానికే భయం. ఇంట్లో ఎవరికి చెప్పినా ‘పాజిటివ్‌గా ఆలోచించు’ అంటారు. అద్దం ముందు నిలబడి ‘నేను సమర్థురాలిని’ అని రోజూ చెప్పుకున్నాను. చెప్పుకున్నకొద్దీ ఏడుపొస్తోంది. పోయిన నెల మా అబ్బాయికి లెక్కల్లో మార్కులు తగ్గితే ‘నువ్వు కూడా నాలాగే’ అనేశాను. ఎనిమిదో తరగతి పిల్లాడు. ఆ రోజు నుంచి నాకు పరీక్ష పేపర్లు చూపించడం లేదు. నిర్మాణాత్మకంగా ఆలోచించాలి అని అందరూ అంటారే, అసలు అలా ఆలోచించడమంటే ఏమిటి? నాలాంటి వాళ్లకు అది చేతనవుతుందా?

– ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పిల్లాడి పేపర్ల మాట దగ్గర ఆగిపోయాను. దాని దగ్గరికి తప్పకుండా వస్తాను. ముందు అద్దం సంగతి చెప్పనివ్వండి, ఎందుకంటే అది ఈ రోజే ఆపేయవలసిన పని.

అద్దం ముందు చెప్పుకున్న మాట పనిచేయకపోతే అదీ మీ లోపమే అనుకుంటున్నారు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన జోఆన్ వుడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తన సహచరులతో కలిసి సరిగ్గా ఈ విషయాన్నే పరీక్షించి 2009లో ప్రచురించారు. కొంతమంది చేత ‘నేను ప్రేమించదగిన మనిషిని’ అని పదే పదే అనిపించారు. తమ మీద తమకు ముందే మంచి అభిప్రాయం ఉన్నవాళ్లకు దానివల్ల కాస్త మేలు జరిగింది. తమను తాము తక్కువ చేసుకునేవాళ్లు మాత్రం, ఆ మాట అనకుండా ఊరుకున్నవాళ్ల కంటే ఎక్కువ దిగులు పడ్డారు. ఎందుకో మీకు నేను చెప్పక్కర్లేదు. ‘నేను సమర్థురాలిని’ అనగానే లోపలి నుంచి ఒక గొంతు ‘మరి ఆ అంకె సంగతేమిటి?’ అని అడుగుతుంది. ఇంకోసారి గట్టిగా అంటారు, అదీ ఇంకోసారి గట్టిగా అడుగుతుంది. రోజూ పొద్దున్నే లేచి ఒక వాదన పెట్టుకుని, అందులో ఓడిపోయి ఆఫీసుకు వెళ్తున్నారు. ఏడుపు రాక ఏమవుతుంది?

కాబట్టి ఆ మాట మానేయండి. మీ ఇంట్లోవాళ్లు ప్రేమతోనే ‘పాజిటివ్‌గా ఆలోచించు’ అన్నారు, అందులో సందేహం లేదు. కానీ మంచిగా అనుకోవడం వేరు, పనికొచ్చేలా ఆలోచించడం వేరు. మీరు అడిగింది రెండోదాని గురించి.

1989 అక్టోబరు 17న అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చింది. దానికి రెండు వారాల ముందు సూసన్ నోలెన్-హోక్సెమా అనే పరిశోధకురాలు, అక్కడికి దగ్గర్లోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కొందరు విద్యార్థుల మానసిక స్థితిని, దిగులు కలిగినప్పుడు వాళ్లేం చేస్తారన్న విషయాన్ని నమోదు చేసి ఉంచుకున్నారు. భూకంపం వస్తుందని ఆమెకేం తెలుసు? వచ్చిన తర్వాత మళ్లీ అదే విద్యార్థులను కలిశారు, పది రోజులకు ఒకసారి, ఏడు వారాలకు ఒకసారి. బాధ కలిగినప్పుడు ఆ బాధనే తిప్పి తిప్పి తలుచుకునే అలవాటు ముందు నుంచీ ఉన్నవాళ్లు, ఏడు వారాల తర్వాత కూడా మిగతావాళ్ల కంటే ఎక్కువ కుంగుబాటులో ఉన్నారు. భూమి అందరి కాళ్ల కిందా కదిలింది. కొందరి తలల్లో మాత్రం కదులుతూనే ఉంది.

ఈ అలవాటుకు మనస్తత్వ శాస్త్రంలో వాడే పదం పశువులు నెమరువేయడం నుంచే వచ్చింది. మనమూ అదే మాట అంటాం కదా. అయితే ఆవు నెమరువేస్తే తిన్న మేత ఒంటికి పడుతుంది. రాత్రి రెండింటికి మీరు నెమరువేసేది ఒంటికి పట్టదు సరికదా, నిద్రను కూడా తీసుకుపోతుంది.

మరి జరిగినదాని గురించి అసలు ఆలోచించకూడదా? ఇక్కడే చాలామంది పొరబడతారు. ‘మర్చిపో, వదిలెయ్’ అంటారు. వదిలెయ్యమంటే వదలదు, వదలాల్సిన అవసరమూ లేదు. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ వాట్కిన్స్ అనే ఆయన, ఒకే విషయాన్ని పదే పదే ఆలోచించడం ఎప్పుడు మేలు చేస్తుంది, ఎప్పుడు కీడు చేస్తుంది అని అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కూర్చి 2008లో ఒక పెద్ద సమీక్ష రాశారు. మళ్లీ మళ్లీ ఆలోచించినంత మాత్రాన అది చెడ్డది కాదని అందులో తేల్చారు. ఎలా ఆలోచిస్తున్నామన్నదే ముఖ్యం. బాధలో ఉన్నప్పుడు ‘నాకే ఎందుకిలా, దీని అర్థమేమిటి, నేనెలాంటి మనిషిని’ అని పైపైన, మొత్తంగా ఆలోచిస్తే మనిషి కుంగిపోతాడు. ‘ఆ రోజు ఏం జరిగింది, ఏ వరుసలో జరిగింది, ఇప్పుడు ఎలా చేయాలి’ అని వివరాల్లోకి దిగితే అదే ఆలోచన మనిషికి దారి చూపిస్తుంది.

ఇప్పుడు మీ ఉత్తరాన్ని మళ్లీ ఒకసారి చూడండి. ‘పాత నెల షీటు మీదే కొత్త లెక్కలు ఎక్కిస్తూ ఒక గడి మార్చడం మర్చిపోయాను’ అని రాశారు. ఒక్క వాక్యం. తప్పు ఎక్కడ జరిగింది, ఎలా జరిగింది, అంతా అందులోనే ఉంది. మీరు దాన్ని దాటి వెళ్లిపోయి, మిగతా ఉత్తరమంతా మీరెలాంటి మనిషో రాశారు. రెండు నెలలుగా రాత్రిళ్లు చేస్తున్నదీ అదే. ‘నేనెందుకిలా ఉన్నాను’ అని అడిగితే ‘నేను అజాగ్రత్త మనిషిని’ అనే జవాబు వస్తుంది. ఆ జవాబు పట్టుకుని రేపు ఆఫీసులో ఏం చేయగలరు? చేయడానికి ఏమీ లేదు. అందుకే మనసు మళ్లీ మొదటికే వస్తుంది. ‘ఎలా జరిగింది’ అని అడిగితే ‘పాత అంకె ఆ గడిలో ఉండిపోయింది’ అనే జవాబు వస్తుంది. గడిని మార్చవచ్చు.

నిర్మాణాత్మకం అనే మాట బరువుగా ఉంటుంది కానీ లోపల ఉన్నది నిర్మాణమే, అంటే కట్టడం. ఒక ఆలోచన ముగిసేసరికి చేతికి ఏదో ఒక పని దొరకాలి, ఎంత చిన్నదైనా సరే. పని దొరికితే అది కట్టే ఆలోచన. దొరక్కపోతే, అది ఎంత లోతుగా అనిపించినా, ఎంత నిజాయితీగా అనిపించినా, చింతే. ఈ ‘నిజాయితీ’ దగ్గర చాలామంది ఇరుక్కుంటారు. తనను తాను తిట్టుకుంటూ ఉంటే బాధ్యత తీసుకుంటున్నట్టు ఉంటుంది. తిట్టుకోవడం ఆపితే తప్పును తేలిగ్గా తీసుకున్నట్టు అవుతుందేమో అని భయం. నాకా భయం బాగా తెలుసు.

మా నాన్నగారికి పక్షవాతం వచ్చిన సాయంత్రం ఆయన మాట తడబడటం నేను గమనించాను. అలసట అనుకున్నాను. కాసేపు పడుకోమన్నాను. తెల్లవారేసరికి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. పక్షవాతంలో మొదటి గంటలే కీలకమని, మెదడులో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారని నాకు తర్వాత తెలిసింది. అంటే నా తప్పు ఊహించుకున్నది కాదు, నిజంగా జరిగింది. ‘ఆ సాయంత్రమే ఎందుకు తీసుకెళ్లలేదు’ అనే ప్రశ్నతో మూడు నెలలు గడిపాను. ఆయన మంచం పక్కనే కూర్చుని ఆ ప్రశ్నలోనే ఉండేదాకా వెళ్లింది. ఆయనకు దాహమేస్తే కూడా అమ్మే ముందు గమనించేది.

ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్టు ఒకరోజు నన్ను అడిగారు: ‘రేపు పొద్దున ఆయన్ని లేపి కూర్చోబెట్టేది ఎవరు? మీరా, అమ్మగారా?’ ‘నేనే’ అన్నాను. ‘అయితే ఇటు రండి, ఎలాగో చూపిస్తాను’ అన్నారు. చెయ్యి పట్టుకుని లాగకూడదు. ముందు పక్కకు తిప్పాలి. కాళ్లు మంచం అంచు నుంచి కిందికి జార్చాలి. అప్పుడు భుజం వెనక చెయ్యి వేసి, ఆయన బాగున్న చేత్తో మంచాన్ని నొక్కుతూ ఉంటే, మెల్లగా పైకి లేపాలి. ఆ మర్నాడు లేపాను. సరిగ్గా రాలేదు. మూడో రోజుకు వచ్చింది. ఆ మూడు నెలల్లో నాకు మొదటిసారిగా ఆయన ముఖం కనిపించింది అని చెప్పాలి.

పాత ప్రశ్న పోయిందా అంటే పోలేదు. చాలా ఏళ్లు వచ్చి వెళ్తూనే ఉంది. కానీ వచ్చినప్పుడల్లా దానికి ఒక పని అప్పగించడం నేర్చుకున్నాను. మూతి ఒక పక్కకు వంగడం, ఒక చెయ్యి పైకి లేవకపోవడం, మాట తడబడటం. ఈ మూడింటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనిపించినా, పొద్దున చూద్దాంలే అనుకోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఈ మాట మా ఇంట్లో అందరికీ చెప్పాను, ఇరుగుపొరుగుకు చెప్పాను, ఇప్పుడు మీకూ చెబుతున్నాను. నా పశ్చాత్తాపం మూడు నెలల పాటు నన్ను కాల్చింది తప్ప ఎవరికీ ఉపయోగపడలేదు. ఈ మూడు గుర్తులు ఎవరికో ఒకరికి ఉపయోగపడతాయి.

మీ తప్పు ఇంత పెద్దది కాదు అని చెప్పడానికి ఇది రాయలేదు. ఎవరి బాధ వాళ్లకు పూర్తి బరువుతోనే ఉంటుంది. తిట్టుకోవడం ఆపితే బాధ్యత పోదని చెప్పడానికి రాశాను. నాకైతే బాధ్యత ఆ తర్వాతే మొదలైంది.

ఇక మీ గడి సంగతి. పాత షీటు మీద కొత్త లెక్కలు ఎక్కించే పద్ధతిలోనే ఈ తప్పు దాగి ఉంది. మార్చని గడి ఖాళీగా కనిపించదు. అందులో పాత అంకె దర్జాగా కూర్చుని ఉంటుంది, చూసేవాళ్లకు అనుమానమే రాదు. ఎంత జాగ్రత్తపరులకైనా ఏదో ఒక నెల ఇది జరుగుతుంది. కాబట్టి అంకెలన్నీ తీసేసిన ఖాళీ షీటు ఒకటి తయారుచేసి పెట్టుకోండి, ప్రతి నెలా దాంతోనే మొదలుపెట్టండి. అప్పుడు మర్చిపోయిన గడి ఖాళీగా మిమ్మల్నే చూస్తూ ఉంటుంది.

రెండోది, ‘ఇకపై జాగ్రత్తగా ఉంటాను’ అనే తీర్మానం పెట్టుకోకండి. అది తీర్మానంలా వినిపిస్తుంది కానీ ఎప్పుడు, ఏం చేయాలో చెప్పదు. పీటర్ గోల్విట్జర్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ‘ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను’ అనే రూపంలో ముందే అనుకుని పెట్టుకోవడం మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఇలాంటి 94 అధ్యయనాలను ఆయన, పాశ్చల్ షీరన్ కలిసి 2006లో ఒకచోట చేర్చి చూశారు. ఉత్త సంకల్పం కంటే ఇలా సమయం, సందర్భం కట్టి పెట్టుకున్న సంకల్పం చాలా ఎక్కువగా నెరవేరుతుందని తేలింది. మీ విషయంలో అది ఇలా ఉండవచ్చు: ‘రిపోర్టును మెయిల్‌కు జత చేయగానే, పంపే ముందు, పోయిన నెల రిపోర్టును పక్కన తెరుస్తాను. రెండు నెలల్లోనూ అచ్చం ఒకే అంకె ఉన్న గడి కనిపిస్తే దాన్ని మళ్లీ సరిచూస్తాను.’ మీకు జరిగిన తప్పు ఈ వలలో పడక తప్పదు. వేరే తప్పు వేరే దారిలో రావచ్చు. వచ్చినప్పుడు దానికి ఇంకో వాక్యం రాసుకుంటారు. మెయిల్ తెరవాలంటే భయం అన్నారే, దానికీ ఇలాంటిదే ఒకటి పెట్టుకోండి: ‘ఆయన మెయిల్ కనిపించగానే కూర్చున్నచోటే తెరిచి మొదటి రెండు లైన్లు చదువుతాను.’ చాలా మెయిళ్లలో ఆ రెండు లైన్లలో ఏదో మామూలు పని ఉంటుంది. తెరవని మెయిల్‌లోనే తిట్టు ఉంటుంది.

ఒక మాట మాత్రం స్పష్టంగా చెప్పాలి. మీ మేనేజర్ ఆ తప్పును మీకు విడిగా చెప్పి ఉండవలసింది. అందరి ముందూ చూపించినప్పుడు అవమానం అనిపించడం సహజం, అది మీ బలహీనత కాదు. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదన్నారు కాబట్టి ఇది ఒక్కసారి జరిగిందనే అనుకుంటున్నాను. ఇది ఆయనకు అలవాటైతే మాత్రం, దాన్ని ఓర్చుకోవడాన్ని నిర్మాణాత్మక ఆలోచన అనుకోకండి. అప్పుడు కట్టవలసింది వేరు: ఏ రోజు ఏమన్నారో రాసి పెట్టుకోవడం, ఆయనతో విడిగా మాట్లాడటం, అవసరమైతే పైవాళ్ల దగ్గరికి వెళ్లడం, మరో ఉద్యోగం చూసుకోవడం. మనిషిని మెత్తబరిచి అన్యాయానికి అలవాటు చేసే సలహాను నేను ఎవరికీ ఇవ్వను.

‘ఎప్పుడూ ఇంతే’ అన్నారు. ఈ ‘ఎప్పుడూ’ను కాస్త పట్టుకుని చూడాలి. అమెరికాలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు 1960ల్లో తన దగ్గరికి వచ్చే కుంగుబాటు రోగులలో ఒకటి గమనించారు. వాళ్లు పైకి చెబుతున్న మాటల వెనక, వాళ్లకే సరిగా తెలియకుండా, చిన్న చిన్న వాక్యాలు గబగబా వచ్చిపోతుంటాయి. వాటిని ఎవరూ పరీక్షించరు, వచ్చినవి వచ్చినట్టు నిజాలైపోతాయి. ఆయన వాటిని బయటికి తీసి, కాగితం మీద పెట్టించి, ‘దీనికి రుజువేమిటి, దీనికి విరుద్ధంగా ఏముంది’ అని రోగులతో కలిసి చూశారు. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న ఒక పెద్ద చికిత్సా విధానానికి అక్కడే పునాది పడింది. మీ వాక్యాన్ని అలాగే పెడదాం. 11 ఏళ్లు, నెలకొక రిపోర్టు అంటే 130 దాటాయి. వాటిలో ఎన్ని తప్పులున్నాయి? మూడా? ఐదా? నిజంగా లెక్కపెట్టండి, మీ వృత్తే అది. వచ్చిన సంఖ్యను ‘ఎప్పుడూ’ పక్కన రాయండి. నేను మిమ్మల్ని మెచ్చుకోమనడం లేదు, సరిచూడమంటున్నాను. మీరు ఇతరుల లెక్కల్లో రుజువు లేని అంకెను ఒప్పుకోరు కదా, మీ గురించి మీరు రాసుకునే లెక్కలో మాత్రం ఎందుకు ఒప్పుకుంటున్నారు? ‘అందరూ నవ్వుకుని ఉంటారు’ అన్నదీ అంతే. ఎవరు నవ్వారు? పేరు రాయండి. పేరు రాయలేకపోతే ఆ వరుసను కొట్టేయండి.

రాత్రి రెండింటి గురించి ఎక్కువ చెప్పను. ఆ వేళలో ఎవరి ఆలోచనకూ పదును ఉండదు, కాబట్టి అప్పుడు ఏదీ తేల్చుకోవడానికి ప్రయత్నించకండి. చేయగలిగింది పడుకునే ముందు ఉంది. మైకేల్ స్కల్లిన్ అనే నిద్ర పరిశోధకుడు, ఆయన బృందం 2018లో ప్రచురించిన ప్రయోగంలో 57 మంది యువతీయువకుల చేత పడుకోబోయే ముందు ఐదు నిమిషాలు రాయించారు. కొందరు అప్పటికే చేసేసిన పనులు రాశారు, కొందరు రాబోయే రోజుల్లో చేయవలసిన పనులు రాశారు. చేయవలసినవి రాసినవాళ్లు సగటున సుమారు తొమ్మిది నిమిషాలు ముందుగా నిద్రపోయారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా నిద్రపట్టింది. చేయవలసినదంతా కాగితానికి అప్పగిస్తే మనసు దాన్ని మోసుకు తిరగడం తగ్గిస్తుంది. మంచం పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకోండి. మెలకువ వచ్చి ‘నేనెందుకిలా’ మొదలైతే, లైటు వేసి ‘రేపు దీని గురించి ఏం చేస్తాను’ అని ఒక్క లైను రాయండి. ఏమీ లేకపోతే ‘రేపు చేయవలసింది ఏమీ లేదు’ అని రాయండి. అదీ ఒక జవాబే.

‘నాలాంటి వాళ్లకు అది చేతనవుతుందా’ అని అడిగారు. మీటింగ్ జరిగిన రోజును ఒకసారి గుర్తు చేసుకోండి. అందరి ముందూ తప్పు బయటపడింది. లోపల ఎంత కాలి ఉంటుందో ఊహించగలను. అయినా సాయంత్రంలోగా ఆ గడిని కనిపెట్టారు, మొత్తాలన్నీ మళ్లీ వేశారు, సరిచేసి పంపారు. ఎవరూ మిమ్మల్ని పాజిటివ్‌గా ఉండమనలేదు, అద్దమూ లేదు. ఏడుపు వస్తూనే ఉండి ఉంటుంది, చేతులు పని చేస్తూ ఉండి ఉంటాయి. మీరు అడిగిన ఆలోచన అదే. ఆ మధ్యాహ్నం మూడు నాలుగు గంటల పాటు అది మీ దగ్గర ఉంది. పని అయిపోయాక, చేయడానికి ఏమీ మిగలనప్పుడు, మనసు మీ మీద పడింది.

ఇప్పుడు పిల్లాడి దగ్గరికి వద్దాం.

‘నువ్వు కూడా నాలాగే’ అన్న మాటలో వాడికి రెండు తీర్పులు వినిపించి ఉంటాయి. ఒకటి, అమ్మ పనికిరానిది. రెండు, నేనూ అంతే, ఇది మారదు. రెండోది ఎంత బరువో మీకు తెలుసు, ఎందుకంటే రెండు నెలలుగా మీరు మోస్తున్నది అదే. మీరు మేనేజర్ మెయిల్ తెరవరు, వాడు పేపర్ చూపించడు. ఇద్దరూ ఒకే భయంతో ఒకే ఇంట్లో తిరుగుతున్నారు. మిమ్మల్ని తప్పుపట్టాలని ఈ మాట అనడం లేదమ్మా. వాడెందుకలా చేస్తున్నాడో ఈ ప్రపంచంలో అందరికంటే బాగా మీకే అర్థమవుతుంది కాబట్టి అంటున్నాను.

ఈ ఆదివారం వాడి పక్కన కూర్చోండి. మార్కుల ఊసు ఎత్తకండి. ‘ఆ రోజు నేనన్న మాట తప్పురా. ఆఫీసులో నాకొక టెన్షన్ ఉంది, అది నీ మీద చూపించాను’ అనండి. అంతవరకే. ‘కానీ నువ్వు కూడా’ అని తోక తగిలించకండి, తగిలిస్తే క్షమాపణ అంతా ఆ తోకలోకి పోతుంది. తర్వాత, మీకు మనసొప్పితే, మీ షీటు వాడికి చూపించండి. అదే గడి. ‘ఇదిగో, ఇక్కడ పాత అంకె ఉండిపోయింది. ఇప్పుడు ఇలా మార్చాను’ అని. పెద్దవాళ్ల తప్పును వివరంగా చూసే అవకాశం పిల్లలకు చాలా అరుదుగా దొరుకుతుంది. తప్పు మనిషి నిండా వ్యాపించి ఉండదని, దానికంటూ ఒక చోటు ఉంటుందని మీ షీటులో వాడు కళ్లారా చూస్తాడు.

వాడు పేపర్ తెస్తే, పైనున్న మార్కును వదిలేసి, ఏ లెక్క పోయిందో ఆ లెక్కలో ఏ వరుస దగ్గర దారి తప్పిందో వెతకండి. సమానం గుర్తు అవతలికి పంపేటప్పుడు ప్లస్సును మైనస్ చేయలేదా? ప్రశ్నలోని అంకెనే తప్పుగా దించాడా? పద్ధతే అర్థం కాలేదా? లెక్క వచ్చినా టైము చాలలేదా? నాలుగింటికీ మందు వేరు. ‘లెక్కల్లో వీక్’ అనే మాటకు మందే లేదు. ఇంకొకటి, తర్వాతి పరీక్షకు ‘90 వచ్చినట్టు ఊహించుకో’ అని చెప్పకండి. లియెన్ ఫామ్, షెల్లీ టేలర్ 1999లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు కాలేజీ విద్యార్థులను పరీక్షకు ముందు కొన్ని రోజులు మంచి మార్కు వచ్చినట్టు ఊహించుకోమన్నారు, మరికొందరిని తాము ఎక్కడ, ఎప్పుడు, ఎలా కూర్చుని చదువుతారో ఊహించుకోమన్నారు. చదవడాన్ని ఊహించుకున్నవాళ్లు ముందుగా చదవడం మొదలుపెట్టారు, మార్కులూ వాళ్లకే ఎక్కువ వచ్చాయి. కాబట్టి ‘రేపు ఎన్నింటికి కూర్చుంటావు, ముందు ఏ లెక్క తీస్తావు’ అని అడగండి. వాడు చెప్పింది వినండి. మీకు నచ్చిన టైము కాకపోయినా వాడు చెప్పిన టైమే ఉంచండి.

చివరిగా, మీ నిద్ర గురించి నాకు కొంచెం బెంగగానే ఉంది. రెండు నెలలు తక్కువ కాలం కాదు. నేను రాసినవన్నీ రెండు మూడు వారాలు చేసి చూడండి. అప్పటికీ మెలకువ అలాగే వస్తుంటే, లేదా ఇప్పటికే రోజులో ఎక్కువసేపు మనసు బరువుగా ఉండటం, ఇష్టమైన పనులు కూడా రుచించకపోవడం, ఆకలి తగ్గడం లాంటివి రెండు వారాలకు మించి ఉంటే, డాక్టర్ని కలవండి. బతకడం ఎందుకు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే కలవండి, అంతవరకు ఇంట్లో ఒకరిని పక్కన ఉంచుకోండి. కుంగుబాటు జబ్బుగా మారినప్పుడు ఆలోచన మార్చుకోమని మనిషికి చెప్పడం, జ్వరంలో ఉన్నవాళ్లను చల్లబడమని చెప్పినట్టే. దానికి చికిత్స ఉంది, బాగా పనిచేస్తుంది. బెక్ మొదలుపెట్టిన ఆ పద్ధతిలో శిక్షణ పొందినవాళ్లు మీ పక్కన కూర్చుని, నేను ఈ కాగితం మీద చేసినదానికంటే ఎంతో బాగా మీ వాక్యాలను మీతో కలిసి విప్పి చూస్తారు.

ఆదివారం పిల్లాడితో ఏం జరిగిందో రాయండి. వాడు పేపర్ చూపించకపోయినా రాయండి. ఒక్కోసారి పిల్లలు ఆ రోజు ఏమీ అనకుండా లేచి వెళ్లిపోయి, నాలుగు రోజుల తర్వాత మనం వేరే పనిలో ఉండగా వచ్చి పక్కన పెట్టి వెళ్తారు.